రాయల్పాడు ఆదివారం మీటింగు

తాగుడు మాన్పించే వార్డులో కౌన్సెలర్‌గా పనిచేసి రిటైరయ్యాను. మా చుట్టాలు ఇప్పటికీ నా పని గురించి చెప్పాల్సి వస్తే "తాగేవాళ్లకు బుద్ధి చెప్పే ఉద్యోగం" అంటారు. బుద్ధి చెబితే మానేవాళ్లయితే వాళ్ల అమ్మలు, పెళ్లాలు, పిల్లలు చెప్పినప్పుడే మానేవాళ్లు. నా దగ్గరికి వచ్చేసరికే ఆ మాటలన్నీ అయిపోయి ఉంటాయి.

ఈ మధ్య అదే ఉద్యోగంలో కొత్తగా చేరిన ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చి, "మేడమ్, వార్డులో వాళ్లకు మొదట ఏం చెప్పాలి?" అని అడిగింది. ఏమీ చెప్పవద్దన్నాను. ఆ మనిషి ఏ ఊరినుంచి వచ్చాడు, ఇంటికి తిరిగి వెళ్లేటప్పుడు ఎక్కడ బస్సు దిగుతాడు, దిగిన చోట బ్రాందీ షాపు ఉందా, అది దాటి ఇల్లు చేరేదాకా అతనికి తోడెవరు అన్నవి ముందు తెలుసుకోమన్నాను. ఆ అమ్మాయి కాస్త నిరాశపడినట్టుంది. ఆమె కోసమూ, ఆమెలాంటి వాళ్ల కోసమూ ఇది రాస్తున్నాను. ప్రమోషన్లు, బదిలీల గురించి రాయను. అవి అందరికీ ఉండేవే.

మా నాన్న కోలారు బంగారు గనుల్లో, అంటే కేజీఎఫ్‌లో, అండర్‌గ్రౌండ్ పనిచేశాడు. చిత్తూరు పక్కనుంచి వచ్చిన కుటుంబం మాది. గని లైన్ల ఇళ్లలో పుట్టి పెరిగాను కాబట్టి తాగే మగవాళ్లను చూసి భయపడడం నాకు చిన్నప్పుడే పోయింది. వాళ్లలో పాటలు పాడేవాళ్లున్నారు, పక్కింటివాళ్ల పిల్లలకు ఫీజులు కట్టినవాళ్లున్నారు, ప్రాణానికి తెగించి తోటివాణ్ణి గనిలోనుంచి లాక్కొచ్చినవాళ్లున్నారు. తాగుడు ఒక మనిషికి పట్టుకున్న జబ్బే తప్ప ఆ మనిషి మొత్తం అది కాదని నేను పుస్తకాల్లో చదవడానికి ముందే చూశాను.

మాటలు తెలియాలి

ముందు ఒక చిన్న సంగతి. గుంటూరు వైపునుంచి ఒక కుర్ర డాక్టరు మా ఆసుపత్రికి వచ్చాడు. మంచివాడు, పేషెంట్లతో తెలుగులో మాట్లాడాలని ఉత్సాహం. వార్డునుంచి వెళ్లి మళ్లీ చూపించుకోవడానికి వచ్చిన ఒక పెద్దాయనను, "మందు సరిగా తీసుకుంటున్నావా?" అని అడిగాడు. పెద్దాయన మొహం ఎర్రబడింది.

"ఏమి సార్ అట్ల అడగతారు? మా అమ్మ మీద ఒట్టు, ముట్టుకోలేదు సార్!"

"ముట్టుకోకపోతే ఎలా తగ్గుతుంది? రోజూ పొద్దున, రాత్రి తీసుకోవాలని చెప్పాను కదా!"

పెద్దాయన బిత్తరపోయి నా వైపు చూశాడు. "మాత్రలు మింగతా ఉండావా అని అడగతా ఉండారప్పా సారు," అన్నాను. "మాత్రలా! అవి మింగతానే ఉండాను," అని ఆయన నవ్వాడు. డాక్టరు కూడా నవ్వాడు గానీ, ఆ తర్వాత నెలలోపల మా యాస నేర్చుకున్నాడు. అతని మీద నాకు గౌరవం ఆ రోజునుంచే.

మునిరత్నమ్మ అడిగిన మాట

నేను ఆ వార్డుకు బదిలీ మీద వచ్చిన కొత్తలో అంజినప్ప రెండోసారి చేరాడు. కర్ణాటక చివర, ఆంధ్రా సరిహద్దులో ఉన్న రాయల్పాడు పక్కన పల్లె అతనిది. కొంచెం మామిడి తోట, పట్టుపురుగుల షెడ్డు, రెండు ఆవులు. అతని భార్య మునిరత్నమ్మకు అక్క మా ఆసుపత్రి ఉన్న కేజీఎఫ్‌లోనే, రాబర్ట్‌సన్‌పేటలో ఉంది కాబట్టి అంత దూరంనుంచి మా దగ్గరికి తీసుకొచ్చింది. చేతులు వణుకుతున్నాయి, కళ్లు పచ్చబడ్డాయి. మా వార్డు డాక్టర్ శైలజ అతన్ని పరీక్ష చేసి, మునిరత్నమ్మను పక్కకు పిలిచి, లివరు బాగా చెడిందని, మళ్లీ తాగితే తను ఏ మాటా ఇవ్వలేనని చెప్పింది.

మునిరత్నమ్మ ఏడవలేదు. కొంగు నడుముకు చుట్టుకుని నేరుగా నా దగ్గరికి వచ్చింది.

"పోయినసారి ఇంటికి పంపించేటప్పుడు మాత్రలు ఇచ్చినారు. మీటింగుకు పొమ్మన్నారు. తాగేది మానినోళ్లంతా ఒక చోట కూర్చుని మాట్లాడుకుంటారంట గదా, ఆ మీటింగు. యాడ ఉండాదని అడిగితే కేజీఎఫ్‌లోనే యాడో ఉండాది, కనుక్కోమన్నారు. మా అక్క మొగుడు పేటంతా తిరిగినాడు. ఎవురికీ తెల్లేదు. నిజంగా ఉండాదా అమ్మా అది, లేకుంటే మాటకు చెప్పేదా?"

కనుక్కుంటానన్నాను. వార్డులో పాతవాళ్లను అడిగాను. అందరికీ అలాంటి గుంపు ఒకటుందని తెలుసు, చూసినవాళ్లు ఎవరూ లేరు. ఎప్పుడో ఎవరో చెప్పిన ఫోన్ నంబరు పనిచేయడం లేదు.

ఆ ఆదివారం రాబర్ట్‌సన్‌పేట బజారుకు వెళ్లాను. అలాంటి గుంపులు బోర్డు పెట్టుకోవు. వచ్చేవాళ్ల పేర్లు బయటికి పొక్కకూడదు కాబట్టి. అది మంచి నియమమే, కానీ వెతికేవాడికి నరకం. చర్చి దగ్గర అడిగితే తెలియదన్నారు. ఒక కిరాణా ఆయన నన్ను ఎగాదిగా చూసి, "తాగేవాళ్ల జాగా అంటే అదిగో," అని బ్రాందీ షాపు చూపించాడు. కాళ్లు నొప్పి పుట్టి ఒక టీ బంకు ముందు నిలబడ్డాను. అప్పుడొక ఆలోచన వచ్చింది. తాగుడు మానిన కొత్తలో మనిషికి తీపి మీద యావ పుడుతుంది. మా వార్డులో చక్కెర డబ్బా ఎప్పుడూ ఖాళీయే.

"ఏమప్పా, ఆదివారం పూట గుంపుగా వచ్చి, టీలో చక్కెర ఎక్కువ వెయ్యమని అడిగేవాళ్లు ఎవరైనా ఉండారా?" అని టీ ఆయన్ను అడిగాను.

అతను గట్టిగా నవ్వాడు. "ఉండారమ్మా! సాయంత్రం వస్తారు. చక్కెర దండిగా, బిస్కెట్టు దండిగా. ఒక్కడు బీడీ అప్పు అడగడు, ఒక్కడు గొడవ పడడు. ఎవురో భజన గుంపు అనుకున్నాను. ఆ సందులో ఇస్కూలు రూములో కూర్చుంటారు."

సాయంత్రందాకా ఆగి సందులోకి వెళ్లాను. చిన్న బడి గది. లోపల పిల్లల బెంచీల మీద మోకాళ్లు ముడుచుకుని పెద్ద పెద్ద మనుషులు కూర్చున్నారు. ఉద్యోగంలో నాకు చాలా సంతోషాలు కలిగాయి గానీ, ఆ తలుపు దగ్గర నిలబడినప్పటి సంతోషం వేరు.

ఆరోగ్యం

ఆ గుంపులో పెద్ద మనిషి పేరు ఆరోగ్యం. తమిళ క్రైస్తవుడు, మా నాన్నలాగే అండర్‌గ్రౌండ్ పనివాడు. గనులు మూతపడ్డాక తాగుడు పట్టుకుని, ఇల్లూ పెళ్లామూ దూరమై, చివరికి ఈ గుంపులో చేరి బాగుపడ్డవాడు. ఆయన భార్య తిరిగి వచ్చింది. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం ఆయన గొంతు తగ్గిస్తాడు.

నేనెవరో చెప్పాను. మీటింగులో మాట్లాడేది తమిళం కదా, మా పేషెంటు తెలుగువాడు, అతనికి ఎలా అన్నాను.

"కేజీఎఫ్‌లో తెలుగు తెలియనోడు యాడ ఉండాడు మేడమ్? ఆయప్పను తెలుగులోనే ఏడవమనండి. మాకు అర్థమవుతాది," అన్నాడు ఆరోగ్యం.

అంజినప్ప వార్డునుంచి బయటికి వచ్చాక వదిన ఇంట్లో కొన్నాళ్లు ఉండి మీటింగులకు వెళ్లాడు. మొదటిసారి తోడు వెళ్లింది నేనే. అందరూ ఒప్పుకుంటే, కొత్తవాడికి తోడొచ్చిన బయటివాళ్లను కూడా కూర్చోనిస్తారు. అంజినప్ప చివరి బెంచీ మీద కూర్చున్నాడు. ఆటో నడిపే సెల్వం అనే అతను, తాగిన మత్తులో కూతురి పెళ్లి చూపులు చెడగొట్టిన సంగతి చెప్పాడు. ఎవరూ అయ్యో అనలేదు, ఎవరూ తిట్టలేదు. అది విన్నాక అంజినప్ప నోరు తెరిచాడు.

"నేను పురుగులకు ఆకు వెయ్యకుండా పండుకున్నాను. పంటంతా చచ్చిపోయె. నా పెళ్లాము ఆ పురుగులను చాటలో ఎత్తి పారబోస్తా ఉంటే, నేను లేసి కూడా చూడలేదప్పా."

అంతే చెప్పాడు. మేము వార్డులో ఎన్ని రోజులు అడిగినా చెప్పని మాట అది. కౌన్సెలర్‌గా చేరే పిల్లలు ఇది గుర్తుపెట్టుకోవాలి. మనం ఎంత చదువుకున్నా, తను పడ్డ గుంటలోనే పడి లేచినవాడు ఎదురుగా కూర్చుంటే కలిగే ధైర్యం మనం ఇవ్వలేం. దానికి చిన్నబోనక్కర్లేదు. ఆ ఇద్దర్నీ ఒకచోటికి చేర్చడమే మన పనితనం.

ఇంకో మాట కూడా చెప్పాలి. మీటింగు అని పేరు పెట్టుకున్నదల్లా మంచిది కాదు. మాత్రలన్నీ ఆపెయ్యమని చెప్పే గుంపులను చూశాను. తాగుడు మాన్పిస్తామని మనుషులను గదిలో పెట్టి తాళం వేసి కొట్టే చోటికి కూడా వెళ్లాను. అక్కడినుంచి ఒకతన్ని పోలీసుల సాయంతో బయటికి తెచ్చాం. పేషెంటును పంపే ముందు మీరు వెళ్లి కూర్చోండి. మీ తమ్ముణ్ణి పంపుతారా అని మిమ్మల్ని మీరే అడగండి.

మామిడి కాలం

అంజినప్ప ఊరికి వెళ్లిపోయాడు. మీటింగుకు రావాలంటే రాయల్పాడులో ఒక బస్సు, శ్రీనివాసపురంలో ఒక బస్సు, కోలారులో ఇంకొక బస్సు. పురుగులు ఆకు తినే రోజుల్లో ఇల్లు వదిలి కదలడం కుదరదు. ఒక ఆదివారం వచ్చాడు, తర్వాత రెండు వారాలు రాలేదు, తర్వాత అసలు రాలేదు.

మామిడి కాలంలో తోట గుత్తకు తీసుకునే వ్యాపారి వచ్చాడు. బేరం కుదిరితే సీసా తెరవడం అక్కడ మర్యాద. అంజినప్ప ఆ మర్యాద కాదనలేకపోయాడు. మునిరత్నమ్మ ఫోన్ చేసేసరికి అతను రక్తం కక్కుకుంటున్నాడు.

బతికాడు. డాక్టర్ శైలజ పెద్దాసుపత్రికి పంపి, వెనకే ఫోన్లు చేసి, అక్కడినుంచి కోలుకున్నాక మళ్లీ మా వార్డులో చేర్చుకుంది. నేను మంచం దగ్గరికి వెళితే గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

"నన్ను చూడొద్దండి మేడమ్. మీ అందరికీ మోసం చేసినాను."

"మోసం కాదప్పా. అంత దూరం ఎవురు రాగలరు?"

"దినమంతా బస్సులోనే పాయె. ఇంటికి పోయేలోపల ఆవులు అరస్తా ఉంటాయి. నాకు ఊళ్లోనే ఎవురన్నా ఉంటే..." అని ఆగిపోయాడు.

ఆ సాయంత్రం ఆరోగ్యం అతన్ని చూడడానికి వచ్చాడు. జరిగిందంతా విన్నాడు. నన్ను వరండాలోకి పిలిచాడు.

"మేడమ్, మా కాలంలో కొత్తగా చేరినోణ్ణి అండర్‌గ్రౌండ్‌కు ఒంటిగా దింపేవాళ్లు కాదు. పక్కన ఒక పాతోడు ఉండాల్సిందే. ఈయప్పను మనం ఒంటిగా పంపించినాము. ఆయన రాలేకపోతే మనమే పోదాము."

"అంత దూరం మీరెట్ల పోతారు?"

"తాగేదానికి నేను నడిచిన దూరం లెక్కేస్తే రాయల్పాడు పక్క వీధే," అన్నాడు ఆరోగ్యం.

మా సూపరింటెండెంటు ఒప్పుకోలేదు. ఆయన చెడ్డవాడేం కాదు. వార్డు శుభ్రంగా ఉంచాడు, మందుల కొరత రానివ్వలేదు. కానీ "మన బాధ్యత గేటు వరకే. బయట ఏదైనా జరిగితే ఆసుపత్రి మీదకు వస్తుంది," అన్నాడు. అది ఆయన నమ్మకం. గేటు బయటే జబ్బు మొదలైంది కాబట్టి గేటు దగ్గర ఆగిపోయే వైద్యం సగం వైద్యమే అని నా నమ్మకం. ఇప్పటికీ అదే అంటాను.

డాక్టర్ శైలజ నన్ను చూసి, "ఆదివారం మీకు సెలవే కదా రాజేశ్వరిగారూ. సెలవు రోజు ఏ ఊరికి వెళ్లాలో మీ ఇష్టం," అంది. అంతకంటే మంచి ఆర్డరు నా సర్వీసులో ఏ పై అధికారీ ఇవ్వలేదు.

పాల డైరీ వరండా

రాయల్పాడులో మీటింగుకు చోటు వెతికితే పాల డైరీ వరండా ఒక్కటే దొరికింది. పొద్దున, సాయంత్రం పాలు పోసేవాళ్లతో కిటకిటలాడుతుంది, మధ్యాహ్నం ఖాళీ. అంజినప్ప ఒప్పుకోలేదు.

"ఊరంతా చూస్తాది మేడమ్. పేరు చెప్పగూడదు అంటారు మీటింగులో. ఈడ నా పేరు, నా తాత పేరు అందరికీ తెలుసు."

మునిరత్నమ్మ అందుకుంది. "తాగి కాలవలో పడినప్పుడు ఊరు చూడలేదా? అప్పుడు సిగ్గు రాలేదు గానీ, మానేదానికి సిగ్గా? ఆడనే కూర్చో. నేను పక్కనే ఉంటాను."

మొదటి ఆదివారం వరండాలో ఆరోగ్యం, సెల్వం, అంజినప్ప మాత్రమే ఉన్నారు. నేనూ మునిరత్నమ్మా మెట్ల దగ్గర కూర్చున్నాం. దారిన పోయేవాళ్లు ఆగి చూసి, "తాగుబోతుల సంఘమంట రా," అని నవ్వుకుంటూ పోయారు. రెండో ఆదివారమూ అంతే. కొన్ని వారాలు అలాగే గడిచాయి. ఆరోగ్యం మాత్రం ఆ ఖాళీ వరండాలో నిండు సభలో మాట్లాడినట్టే మాట్లాడేవాడు. విసుగొచ్చి ఒకసారి నేను, "వినేవాళ్లు ఎవరన్నా?" అన్నాను.

"అంజినప్ప వింటా ఉండాడు గదా. నేనూ వింటా ఉండాను," అన్నాడు.

ఒకనాడు చౌడమ్మ అనే ముసలామె వచ్చింది. కర్ర పక్కన పెట్టి కూర్చుని, "మా వాడు రమేశ రానంటాడు. వాడి బదులు నేను కూర్చోవచ్చునా?" అని అడిగింది. అలాంటి నియమం ఏ గుంపులోనూ లేదు. నేను నోరు తెరిచేలోపలే ఆరోగ్యం ఆమెకు టీ గ్లాసు అందించి, "కూర్చోమ్మా. ఎంతసేపన్నా కూర్చో," అన్నాడు.

ఆమె ప్రతి ఆదివారం వచ్చేది. ఊళ్లో ఆ మాట పాకింది. ట్రాక్టరు తోలే రమేశకు అది తల కొట్టేసినట్టయింది. ఒకనాడు ట్రాక్టరు డైరీ ముందే ఆపి, ఊగుతూ మెట్లెక్కాడు.

"మా అమ్మను యాల కూర్చోబెట్టినారు ఈడ? ఆమె తాగతాదా? ఊరంతా నవ్వతా ఉండారు! లెయ్‌మ్మా!"

చౌడమ్మ లేవలేదు. "నువ్వు కూర్చుంటే నేను లేస్తాను," అంది.

రమేశ పిడికిలి బిగించి నిలబడ్డాడు. అంజినప్ప లేచి అతని ముందుకు వెళ్లాడు. రమేశ కొడతాడేమోనని నేను మెట్ల దగ్గరనుంచి లేచాను.

"రమేశా, పోయిన ఏడు నేను కాలవలో పడి ఉంటే ఇంటికి ఎత్తుకోని పోయినోడివి నువ్వే. గుర్తుండాదా?" అన్నాడు అంజినప్ప. "నన్ను ఎవురూ ముట్టుకోలేదు ఆ పొద్దు. నువ్వు ఎత్తినావు. ఇంగ ఈ పొద్దు నా మాట ఒకటి విను. మీ అమ్మ పక్కన కూర్చో. మాట్లాడొద్దు. ఊరికే కూర్చో."

రమేశ అమ్మ వైపు చూశాడు, ఆరోగ్యం వైపు చూశాడు. మెల్లగా నేల మీద కూలబడ్డాడు. కాసేపటికి అతని భుజాలు కదిలాయి. చౌడమ్మ కొంగుతో అతని మొహం తుడిచింది.

మీటింగు అయ్యాక రమేశ నా దగ్గరికి వచ్చి, "ఈ పొద్దునుంచే మానేస్తాను మేడమ్, చుక్క ముట్టను," అన్నాడు. అక్కడ నా చదువు పనికొచ్చింది. అంతగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపితే ఫిట్సు రావచ్చు, ప్రాణమే పోవచ్చు. "మానుదువు గానీ, ఇంట్లో కాదప్పా. ఆసుపత్రిలో," అని చెప్పి మరుసటి రోజే వార్డుకు రప్పించాను. కొత్తగా చేరే పిల్లలకు ఇది గట్టిగా చెబుతున్నాను: పట్టుదల చూసి మురిసిపోయి, డాక్టరుకు చూపించకుండా ఎవరినీ ఇంటికి పంపవద్దు. గుంపు చేసే పని గుంపుది, డాక్టరు చేసే పని డాక్టరుది. ఏదీ రెండోదానికి బదులు కాదు.

వార్డునుంచి రమేశ నేరుగా డైరీ వరండాకే వెళ్లాడు. ఆ తర్వాత సరిహద్దు దాటి ఆంధ్రా వైపునుంచి కూడా మనుషులు రావడం మొదలుపెట్టారు. మామిడి కాలంలో వ్యాపారి వస్తే, బేరం చూడడానికి అంజినప్ప పక్కన రమేశ కూర్చునేవాడు. సీసా బయటికి వస్తే "మాకు నీళ్ల మజ్జిగ చాలు," అనేవాడు. తోట బేరాలేమీ చెడిపోలేదు.

అందరూ నిలబడ్డారని చెప్పను. జారినవాళ్లున్నారు, పోయినవాళ్లూ ఉన్నారు. వాళ్ల చావులకు వెళ్లాను. కానీ అంజినప్ప నిలబడ్డాడు. పురుగుల పంట మళ్లీ తీశాడు.

నన్ను ఎవరైనా సర్వీసంతా ఏం సాధించావని అడిగితే తడుముకోను. రాయల్పాడులో ఆదివారం మీటింగు ఉంది, అంటాను. ఆ మాట చెప్పేటప్పుడు గర్వపడతాను. దాచుకోను.

మొన్న ఆ కొత్త కౌన్సెలరమ్మాయి ఫోన్ చేసింది. శ్రీనివాసపురం వైపునుంచి ఒకతను వార్డులో ఉన్నాడట. వార్డునుంచి పంపేటప్పుడు పేషెంటును ఇంటి మనిషి ఒకరు వచ్చి తీసుకెళ్లాలని అక్కడి నియమం. అతనికి ఎవరూ లేరు. అందరూ విడిచిపెట్టేశారు. చికిత్స అయిపోయింది, మర్నాడు ఇంటికి పంపించెయ్యాలి. ఏం చెయ్యాలి మేడమ్ అంది. అంజినప్ప నంబరు ఇచ్చాను. నాకూ చూడాలనిపించి మర్నాడు ఆసుపత్రికి వెళ్లాను.

అంజినప్ప అప్పటికే గేటు దగ్గరున్నాడు. తెల్ల చొక్కా, చేతిలో మామిడిపళ్ల సంచి. తెల్లారకముందే మొదటి బస్సు పట్టుకుని వచ్చాడట. కొత్త వాచ్‌మన్ అతన్ని ఆపి, "ఎవురు నువ్వు? పేషెంటా?" అని అడుగుతున్నాడు.

"కాదప్పా. ఒక పేషెంటు కోసరం."

"మరి ఆ పేషెంటుకు ఏమవుతావు?"

అంజినప్ప ఆ మనిషిని అంతకుముందు ఎన్నడూ చూడలేదు. ఒక్క క్షణం ఆలోచించి, "అన్ననప్పా," అన్నాడు. "ఇంటికి పిలుచుకోని పోయేదానికి వచ్చినాను."

వాచ్‌మన్ గేటు తీశాడు.